ఓటు లేని ఊళ్ళో పన్ను: అమెరికాలో రెండో ఇల్లున్నవాళ్ళకు ఏ దారి పనికొస్తుంది?

బోస్టన్‌లో ఉద్యోగం, అదే మసాచుసెట్స్ రాష్ట్రపు తీరంలోని కేప్ కాడ్‌లో వేసవి ఇల్లు. న్యూజెర్సీలో కాపురం, పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల్లో వారాంతపు ఇల్లు. ఇలాంటి రెండో ఇళ్ళున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ ఊరి పన్నులో ఎక్కువ భాగం ఇలా వచ్చిపోయేవాళ్ళే కడుతున్నా, బడ్జెట్టు మీద చెయ్యెత్తే హక్కు మాత్రం అక్కడ కాపురమున్నవాళ్ళదే. దీనికి విరుగుడుగా ఐదారు దారులు చెబుతుంటారు. ఓటు అక్కడికి మార్చుకోమంటారు, సంఘం పెట్టమంటారు, అప్పీలు వేయమంటారు, కోర్టుకెళ్ళమంటారు. అన్నీ అందరికీ పనికిరావు. ఏది పనికొస్తుందో తేలాలంటే ముందు చూడాల్సింది మీ బిల్లులో ఏది ఎక్కువైందన్నది: ఇంటికి కట్టిన విలువా, స్థానికులకిచ్చిన మినహాయింపు వల్ల పెరిగిన రేటా, లేక ఊరి ఖర్చే పెరిగిందా? ఈ మూడింటినీ నిర్ణయించేది ముగ్గురు వేర్వేరు మనుషులు. తప్పు తలుపు తడితే ఏడాది పోతుంది.

కోర్టు సంగతి మొదటే తేల్చేద్దాం. పన్ను కడుతున్నాం కాబట్టి ఓటు ఇవ్వాలన్న వాదన వినడానికి బాగుంటుంది, కోర్టులో నిలబడదు. అలబామాలోని టస్కలూసా నగరం మీద హోల్ట్ సివిక్ క్లబ్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఒక నగరం తన ఎన్నికల్లో ఓటును తన హద్దుల లోపల నివాసమున్నవాళ్ళకే పరిమితం చేయవచ్చని తేల్చింది. మ్యాన్‌హాటన్‌లోనూ ఈస్ట్ హాంప్టన్‌లోనూ ఇళ్ళున్నవాళ్ళు రెండు చోట్లా ఓటు కావాలని అడిగితే 2002లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు కుదరదంది. రాష్ట్రం తనంతట తాను హక్కు ఇస్తే సరే. ఇవ్వకపోతే లాయరు ఫీజు దండగ.

ఇంకో మాట, మనవాళ్ళకు ఇదే ముఖ్యం. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఓటరు నమోదు పత్రం దరిదాపుల్లోకి కూడా పోకూడదు. అమెరికా పౌరుడినని తప్పుగా రాసి సంతకం పెడితే ఆ తర్వాత గ్రీన్ కార్డుకూ పౌరసత్వానికీ దారి మూసుకుపోవచ్చు, దేశం నుంచి పంపించేయనూ వచ్చు. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్లో ఓటు గడికి పొరపాటున టిక్ పెట్టడం కూడా చిన్న విషయం కాదు. కింద ఓటుకు సంబంధించిన భాగాలన్నీ పౌరసత్వం వచ్చినవాళ్ళకే. మిగిలినవన్నీ, అంటే అప్పీలు, హియరింగులో మాట్లాడటం, ఉత్తరం రాయడం, సంఘంలో చేరడం, అందరూ చేయొచ్చు.

ఇల్లుంటే చాలు, ఓటిచ్చే చోట్లు

ఈ విషయంలో కనెక్టికట్‌ది ప్రత్యేకమైన పద్ధతి. అక్కడి రాష్ట్ర చట్టం 7-6 సెక్షన్ ప్రకారం, చివరి గ్రాండ్ లిస్టులో (పన్ను పడే ఆస్తుల జాబితాలో) కనీసం 1,000 డాలర్ల అసెస్‌మెంట్ మీద ఊరికి పన్ను బాకీ ఉన్న 18 ఏళ్ళు దాటిన పౌరుడెవరైనా, ఆ ఊళ్ళో నివాసం లేకపోయినా, ఊరి ఓటర్లంతా కూడి తీర్మానాలకు ఓటేసే టౌన్ మీటింగులో ఓటేయొచ్చు. కనెక్టికట్‌లో అసెస్‌మెంట్ అంటే మార్కెట్ విలువలో 70 శాతం. అంటే దాదాపు 1,430 డాలర్ల ఆస్తి చాలు, చిన్న ఖాళీ స్థలమున్నా సరిపోతుంది. భార్యాభర్తలిద్దరి పేర్లూ లిస్టులో ఉంటే ఇద్దరికీ చెరో ఓటు.

ఇందులో జనం బోల్తాపడే చోట్లు మూడు. మొదటిది పేరు. ఆస్తిని కాపాడుకోవడానికని ఇంటిని ఎల్‌ఎల్‌సీ పేరున కొంటే పన్ను పడేది ఆ కంపెనీ మీద, మీ మీద కాదు. ఓటు పోతుంది. ట్రస్టులో పెట్టినా ఇదే చిక్కు రావచ్చు కాబట్టి డీడు మార్చేముందే టౌన్ క్లర్కుని అడగండి. రెండోది, ఈ హక్కు మీటింగులో పెట్టే తీర్మానాలకే, మనుషులను ఎన్నుకోవడానికి కాదు. సెలెక్ట్‌మన్ (ఊరి పాలకుడు) ఎవరో, ఫైనాన్స్ బోర్డులో ఎవరుండాలో తేల్చే ఎన్నికలో మీకు చోటు లేదు. మూడోది చార్టరు, అంటే ఊరి పాలన ఎలా నడవాలో చెప్పే మూల పత్రం. కొన్ని ఊళ్ళలో బడ్జెట్టును కౌన్సిలే ఆమోదిస్తుంది, టౌన్ మీటింగన్నదే ఉండదు. అక్కడ మీ హక్కు కాగితం మీదే. బడ్జెట్టు రెఫరెండమ్‌కు వెళ్ళే ఊళ్ళలో చాలాచోట్ల ఆస్తిపరులనూ ఓటేయనిస్తారు. ఆ రోజు గుర్తింపు కార్డుతో పాటు పన్ను బిల్లు కాపీ తీసుకెళ్ళండి, లిస్టులో మీ పేరు వెతకడం తేలికవుతుంది.

డెలావేర్ సముద్రతీరంలో రెహోబత్ బీచ్, బెథనీ బీచ్, ఫెన్విక్ ఐలాండ్ లాంటి ఊళ్ళ చార్టర్లు అక్కడ నివాసం లేని ఇంటి యజమానులకు కూడా మునిసిపల్ ఎన్నికల్లో ఓటిస్తాయి. అంటే కనెక్టికట్‌కు తలకిందులు: ఇక్కడ మనుషులనే ఎన్నుకోవచ్చు. వినగానే ఇదే మేలనిపిస్తుంది. కానీ డెలావేర్ బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్టుకీ కౌంటీకీ పోతుంది, అక్కడ మీకు ఓటు లేదు. ససెక్స్ కౌంటీలో 1974 తర్వాత 2025కి గానీ ఆస్తుల విలువలు మళ్ళీ కట్టలేదు. తీరంలోని ఇళ్ళకు ఆ దెబ్బ ఊరి కౌన్సిల్ వల్ల తగిలింది కాదు, కౌన్సిల్ ఓటుతో తగ్గేదీ కాదు. కంపెనీల పేరున ఓట్లన్నవి మాత్రం ఆ రాష్ట్రంలో ఎప్పుడూ మండే వ్యవహారమే. న్యూఅర్క్ నగరంలో 2018 రెఫరెండమ్‌లో ఒకే వ్యక్తి తన చేతిలో ఉన్న ఎల్‌ఎల్‌సీల తరఫున 31 ఓట్లు వేశాడని తెలిశాక పెద్ద రభసైంది. కాబట్టి కంపెనీ పేరున ఓటుందని నమ్మి ఇల్లు కొనకండి. ఆ నియమం ఎప్పుడైనా మారొచ్చు.

కొలరాడోలో ఇంకో రకం. టెల్యురైడ్ పక్కనున్న మౌంటెన్ విలేజ్ తన చార్టరులోనే బయటి యజమానులకు ఓటిచ్చింది, 1997లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు దాన్ని సమర్థించింది కూడా. అంతకంటే ఎక్కువమందికి పనికొచ్చేది, ఒక్కో సేవ కోసం విడిగా పన్ను వేసే స్పెషల్ డిస్ట్రిక్టుల చట్టం. నీళ్ళు, ఫైర్, మెట్రో డిస్ట్రిక్టుల ఎన్నికల్లో, మీరు కొలరాడోలో ఎక్కడ ఓటరుగా నమోదై ఉన్నా సరే, ఆ డిస్ట్రిక్టులో పన్ను పడే ఆస్తి మీకో మీ భార్యకో భర్తకో ఉంటే ఓటేయొచ్చు. డెన్వర్‌లో ఉంటూ కొండల్లో కాండో ఉన్నవాళ్ళకు ఇది నేరుగా వర్తిస్తుంది. టెక్సస్‌లో ఉంటే వర్తించదు.

ఓటునే అక్కడికి మార్చుకోవడం

న్యూయార్క్ రాష్ట్రంలో మాత్రమే దీన్ని నిస్సంకోచంగా సూచించొచ్చు. రెండు నిజమైన నివాసాలున్న ఓటరు వాటిలో దేన్నైనా ఓటు చిరునామాగా ఎంచుకోవచ్చని అక్కడి కోర్టులు చాలాకాలంగా చెబుతున్నాయి. ఆ ఇంటితో నిజమైన, కొనసాగే సంబంధం ఉండాలంతే. నగరంలో ఉంటూ క్యాట్‌స్కిల్స్ ఊళ్ళో ఓటేసేవాళ్ళు అందుకే అంతమంది. అక్కడ బిల్లులో సింహభాగం స్కూలు పన్నుదే. ఆ బడ్జెట్టు ఓటు మే నెల మూడో మంగళవారం జరుగుతుంది. టౌన్ ఎన్నికకంటే ఆ రోజు మీ ఓటు విలువెక్కువ. అయితే నగరంలో మీ ఓటు పోతుంది, రెండూ ఉంచుకోవడం నేరం. నగరంలో రెంట్ స్టెబిలైజ్డ్ (అద్దె పెంపుకు చట్టం హద్దు పెట్టిన) అపార్టుమెంటులో ఉంటే అదే మీ ప్రధాన నివాసమని రుజువు చేసుకోవాల్సిన రోజు రావచ్చు. అప్పుడు ఓటరు నమోదు మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. ప్రధాన నివాసానికి స్కూలు పన్నులో ఇచ్చే స్టార్ మినహాయింపు విషయంలోనూ ఇదే జాగ్రత్త.

మిగతాచోట్ల ఇది కాగితం మార్చడం కాదు, బతుకే మార్చడం. మసాచుసెట్స్‌లో ఓటుకు కావాల్సింది డొమిసైల్, అంటే మీ ఇంటి జీవితం, స్నేహాలు, పౌర జీవితం ఎక్కడ కేంద్రమై ఉంటే అక్కడ. నమోదు పత్రం మీద అబద్ధమాడితే శిక్షపడుతుందని తెలిసే సంతకం పెడతారు. కేప్ కాడ్ మీది ట్రూరోలో 2023 శరదృతువులో ప్రత్యేక టౌన్ మీటింగుకు ముందు చాలామంది వేసవి ఇళ్ళవాళ్ళు ఓటు అక్కడికి మార్చుకున్నారు. పదుల కొద్దీ నమోదుల మీద అభ్యంతరాలొచ్చి, రిజిస్ట్రార్ల బోర్డు ముందు విచారణలు జరిగి, మీటింగే వాయిదా పడింది. విచారణలో అడిగేవి కారు రిజిస్ట్రేషన్, పన్ను రిటర్ను మీది చిరునామా, పిల్లల బడి, డాక్టరు, కరెంటు వాడకం. శీతాకాలంలో మీటరు తిరగని ఇల్లు ప్రధాన నివాసమని చెప్పడం కష్టం.

రిటైరై ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడే ఉండబోతున్నవాళ్ళకు మాత్రం ఇదే అన్నిటికంటే లాభసాటి. ఓటూ వస్తుంది, స్థానికుల మినహాయింపూ వస్తుంది. కానీ ముందు పాత ఇంటి లెక్క చూసుకోండి. అమ్మేటప్పుడు ఒకరికి 2.5 లక్షలు, దంపతులకు 5 లక్షల డాలర్ల లాభం మీద ఫెడరల్ పన్ను లేకుండా పోవాలంటే, అమ్మడానికి ముందు ఐదేళ్ళలో రెండేళ్ళు అది మీ ప్రధాన నివాసమై ఉండాలి. న్యూజెర్సీ నుంచో న్యూయార్క్ నుంచో మసాచుసెట్స్‌కు మారితే రాష్ట్ర ఆదాయపు పన్ను కథ కూడా మారుతుంది. ఆస్తి పన్నులో వెయ్యి మిగిలించబోయి అక్కడ అంతకు రెండింతలు పోగొట్టుకోవచ్చు.

ఓటు లేకుండా మాట చెల్లించుకోవడం: మసాచుసెట్స్

టౌన్ మీటింగంటే మన గ్రామసభ లాంటిదే, కాకపోతే ఇక్కడ బడ్జెట్టును ఒక్కో పద్దుగా ఓటేసి ఆమోదిస్తారు. ఓటర్లు కానివాళ్ళు విడిగా కూర్చుంటారు, మీటింగు నడిపే మోడరేటరు అనుమతిస్తేనే మాట్లాడతారు. ఆ రోజు మైకు పట్టుకుని రెండు నిమిషాలు ఆవేశపడటం వల్ల ఒరిగేదేమీ ఉండదు, అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది. పని జరిగేది జనవరి నుంచి మార్చి దాకా, ఫైనాన్స్ కమిటీ ముందు. ఎక్కువ ఊళ్ళలో జూమ్‌లో చేరొచ్చు.

ఖర్చు పెరుగుదలకు ఇక్కడ ఒక కంచె ఉంది. 1980లో ప్రజలు ఓటేసి తెచ్చిన ప్రొపొజిషన్ రెండున్నర వల్ల, ఊరు వసూలు చేసే మొత్తం పన్ను పరిమితి ఏటా 2.5 శాతం, దానికి తోడు కొత్త నిర్మాణాల మీద వచ్చేది, అంతకు మించి పెరగదు. మించాలంటే ఓవర్‌రైడో (పరిమితి దాటడానికి అనుమతి) అప్పు మినహాయింపో (అప్పు తీర్చే సొమ్మును పరిమితి బయట ఉంచడం) బ్యాలెట్‌కు పెట్టాలి. ఇళ్ళ విలువలు పెరిగినంత మాత్రాన ఊరికి డబ్బు ఎక్కువ రాదు, రేటు తగ్గుతుంది. కాబట్టి విలువ పెంచి దోచుకుంటున్నారని ఫైనాన్స్ కమిటీకి ఉత్తరం రాస్తే మొదటి వాక్యంతోనే వాళ్ళు చదవడం ఆపేస్తారు.

అసలు మంట రేగేది రెసిడెన్షియల్ ఎగ్జెంప్షన్, అంటే స్థానికులకిచ్చే మినహాయింపు దగ్గర. నాంటకెట్, ప్రావిన్స్‌టౌన్, ట్రూరో, వెల్‌ఫ్లీట్, బార్న్‌స్టబుల్‌లో ఇది ఉంది. ఊళ్ళోని నివాస ఆస్తుల సగటు విలువలో 35 శాతం దాకా, కాపురమున్నవాళ్ళ ఇంటి విలువ నుంచి తీసేయొచ్చు. ఊరికి దీనివల్ల ఒక్క డాలరు అదనంగా రాదు, భారం ఒకరి మీంచి ఇంకొకరి మీదకు జరుగుతుంది. లెక్క వేసి చూద్దాం. వెయ్యి ఇళ్ళున్న ఊరు, సగటు విలువ 8 లక్షల డాలర్లు, వసూలు చేయాల్సింది 48 లక్షలు. మినహాయింపు లేకపోతే రేటు వెయ్యి డాలర్ల విలువకు 6 డాలర్లు, సగటు ఇంటికి 4,800. ఇప్పుడు పూర్తి 35 శాతం, అంటే ఇంటికి 2.8 లక్షల మినహాయింపు ఇచ్చారనుకోండి. ఆ వెయ్యి ఇళ్ళలో 300 మాత్రమే స్థానికులవైతే రేటు 6.70 అవుతుంది, వేసవి ఇంటి బిల్లు 5,363కి పోతుంది. స్థానికులు 700 మందైతే రేటు 7.95, మీ బిల్లు 6,358. వేసవి ఇళ్ళు ఎక్కువున్న ఊళ్ళో ఇంటికి పడే దెబ్బ చిన్నది, స్థానికులు ఎక్కువున్న ఊళ్ళో పెద్దది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

ఇదే లెక్కలో మీకొక ఆయుధం కూడా ఉంది. సగటు విలువను స్థానికుల వాటాతో భాగిస్తే వచ్చే విలువ దాటిన స్థానికుల ఇళ్ళకూ పన్ను పెరుగుతుంది. 700 మంది ఉన్న ఊళ్ళో ఆ గీత 11.4 లక్షల డాలర్లు. 300 మంది ఉన్నచోట 26.7 లక్షలు, అంటే అక్కడ మీతో కలిసొచ్చే స్థానికులు దాదాపు ఉండరు. ఇంకొకరున్నారు: ఏడాది పొడవునా అద్దెకుండేవాళ్ళు. అద్దెకిచ్చిన ఇంటికి మామూలుగా మినహాయింపు ఉండదు కాబట్టి పెరిగిన పన్ను చివరికి వాళ్ళ అద్దెలోకే వస్తుంది. మాకు అన్యాయం జరుగుతోందన్న వాదన కంటే ఈ వాదనకే బోర్డు చెవి ఒగ్గుతుంది.

ముఖ్యమైన సంగతేమిటంటే ఈ మినహాయింపును నిర్ణయించేది టౌన్ మీటింగు కాదు. ఊరి పాలక మండలైన సెలెక్ట్ బోర్డు, ఏటా, పన్ను వర్గీకరణ బహిరంగ విచారణలో, మామూలుగా శరదృతువులో. అక్కడ మోడరేటరు ఉండడు, మాట్లాడటానికి ఓటరై ఉండాల్సిన పనీ లేదు. ఆ విచారణకు ముందే అసెసర్లు (ఆస్తుల విలువ కట్టే అధికారులు) వేర్వేరు శాతాల కింద రేటు ఎంతవుతుందో పట్టిక తయారు చేస్తారు. దాన్ని అడిగి తెప్పించుకుని, మీ ఉత్తరంలో ఆ పట్టికలోని అంకెలే వాడండి. 35 బదులు 20 అడగడం, అసలు వద్దనడం కంటే నెగ్గే అవకాశమున్న కోరిక.

ఏదైనా తీర్మానమే టౌన్ మీటింగు ముందుకు రావాలంటే, వార్షిక మీటింగుకు పది మంది నమోదిత ఓటర్ల సంతకాలు చాలు, ప్రత్యేక మీటింగుకు వంద కావాలి. మీరు సంతకం పెట్టలేరు. పక్కింటి స్థానికులు పెట్టొచ్చు.

అందరికంటే చవక దారి: విలువ మీద అప్పీలు

మీ ఇంటి విలువే తప్పయితే ఓటు గొడవ మీకు అక్కర్లేదు. మొదట అసెసర్ దగ్గర ప్రాపర్టీ కార్డు తీసుకోండి. చదరపు అడుగులు, బాత్రూములు, బేస్‌మెంటు పూర్తయిందా లేదా, సముద్రం కనిపిస్తుందని వేసిన గుణకం, ఇవన్నీ ఒక్కొక్కటీ సరిచూడండి. తప్పు దొరికితే అప్పీలు దాకా పోకుండానే సరిచేస్తారు చాలాసార్లు. దొరక్కపోతే పోల్చదగ్గ అమ్మకాలు కావాలి. మసాచుసెట్స్‌లో 2026 ఆర్థిక సంవత్సరం బిల్లుకు విలువ 2025 జనవరి 1 నాటిది, కాబట్టి 2024లో జరిగిన అమ్మకాలు పెట్టండి. నిన్న పక్కింటివాళ్ళు ఎంతకమ్మారన్నది పనికిరాదు. బడి వాడుకోము, మూడు నెలలే ఉంటాము అన్నవి అసలు కారణాలే కావు.

గడువు తేదీలు ఒక్కో రాష్ట్రానికి ఒక్కోటి. మసాచుసెట్స్‌లో మొదటి అసలు బిల్లు కట్టాల్సిన తేదీ, మూడు నెలలకోసారి బిల్లిచ్చే ఊళ్ళలో అది ఫిబ్రవరి 1. అప్పీలుకు ఫారం 128. అసెసర్లు కాదంటే మూడు నెలల్లోపు అప్పెలేట్ టాక్స్ బోర్డుకు. ఈలోగా పన్ను ఆపకండి, వడ్డీ పడితే పెద్ద బిల్లుల విషయంలో బోర్డుకెళ్ళే హక్కే పోతుంది. కనెక్టికట్‌లో ఫిబ్రవరి 20. న్యూహాంప్‌షైర్‌లో మార్చి 1. న్యూయార్క్‌లో ఎక్కువ టౌన్లలో మే నాలుగో మంగళవారం, ఫారం ఆర్‌పీ-524. ఈ గడువులు దాటిపోవడానికి ముఖ్య కారణం బద్ధకం కాదు. బిల్లు శీతాకాలంలో తాళమేసిన ఇంటి పోస్టు డబ్బాలో పడి ఉంటుంది, లేదా ఎస్క్రో (పన్నును మీ తరఫున బ్యాంకే కట్టే ఖాతా) ఉంది కదా అని నేరుగా బ్యాంకుకు పోతుంది. అసెసర్ దగ్గర, కలెక్టర్ దగ్గర విడివిడిగా మీ అసలు చిరునామా రాయించండి. ఒకచోట మారిస్తే రెండోచోట మారిందనుకోవద్దు.

మసాచుసెట్స్ వాళ్ళు ఇంకో బిల్లు గురించి తెలుసుకోవాలి. సొంత కాపురపు ఇంట్లో సామాన్లకు పన్ను లేదు, వేసవి ఇంట్లో సోఫాకీ మంచానికీ ఉంది. మార్చి 1 లోగా సామాన్ల జాబితా ఫారం ఇవ్వకపోతే అసెసర్లు తమ అంచనాతో బిల్లేస్తారు, తర్వాత తగ్గించమని అడగడం కష్టమవుతుంది. పాత సామాన్లతో నింపిన ఇంటికి ఈ ఒక్క ఫారమే ఏటా కొంత మిగిలిస్తుంది.

పోకనోస్‌ది వేరే పరిస్థితి. స్కూలు పన్నే బరువు, దానిమీద మీకు ఓటు లేదు, సొంత కాపురమున్న ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ తగ్గింపూ రాదు. అసెస్‌మెంట్ అప్పీలు కౌంటీ చెప్పిన తేదీలోగా, ఎంత ఆలస్యమైనా సెప్టెంబర్ 1 లోగా వేయాలి. గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లుంటే మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఓటు అక్కడి ఓనర్ల సంఘానిది. ఆ వార్షిక డ్యూస్ తక్కువేమీ కావు, అయినా ఆ బ్యాలెట్‌ను చాలామంది చెత్తబుట్టలో వేస్తారు.

సంఘం పెట్టడం ఎప్పుడు

ఒక్క ఇంటి సమస్యకు సంఘం అక్కర్లేదు. మినహాయింపు శాతం, ఓవర్‌రైడ్, అద్దె ఇళ్ళ నియమాలు, మురుగు కాలువ ఛార్జీలు లాంటి అందరి సమస్యకే అది పనికొస్తుంది. కేప్ మీద చాథమ్‌లో వేసవి నివాసుల కోసం ఊరే ఒక సలహా కమిటీని పెట్టింది. కొత్త సంఘం కట్టేముందు మీ సెలెక్ట్ బోర్డును అలాంటి కమిటీ ఒకటి వేయమని అడగడం మేలు. దానికి ఊరి వెబ్‌సైటులో చోటుంటుంది, మీటింగులకు అధికారులు వస్తారు.

అది కుదరకపోతే అసెసర్ దగ్గర యజమానుల పేర్లు, పోస్టు చిరునామాల జాబితా పబ్లిక్ రికార్డు కింద తెప్పించుకుని, బిల్లు వెళ్ళే చిరునామా ఊరి బయటదైనవాళ్ళను వేరుచేసి ఉత్తరాలు వేయండి. జూలైలో కలవండి, ఆగస్టులో కాదు, శరదృతువు విచారణకు ముందు లెక్కలు సిద్ధం చేసుకోవడానికి సమయం కావాలి. ఇలాంటి సంఘాలు చెడేది ఎక్కువగా ఒకే కారణం వల్ల: మొదటి ఏడాదే స్థానికుల మీద యుద్ధం ప్రకటిస్తాయి. మీరు లేని తొమ్మిది నెలలు ఊళ్ళో మాట్లాడేది వాళ్ళే. ఫైర్ స్టేషనుకో లైబ్రరీకో అడ్డుపడ్డారన్న పేరొస్తే ఆ తర్వాత మీరు తెచ్చే సరైన లెక్కను కూడా ఎవరూ తెరిచి చూడరు.